పెట్టె ఎప్పుడు వెయ్యాలి

పెట్టె ముక్కని ఆఖర్నే వెయ్యాలి. ఈ మాట మీద నాతో ఇప్పటిదాకా ముగ్గురు వాదనకి దిగారు. మా ఆయన మధ్యలో లేచి టీ పెట్టుకోడానికి వెళ్ళిపోయాడు, మా తోటికోడలు లెక్క వేసి చూసుకుని ఒప్పేసుకుంది. మూడో మనిషి మా అత్తగారు. ఇది రాస్తున్నది ఆవిడ గురించే.

ముందు ఆట ఏమిటో చెప్తాను. మా తోటికోడలు, అంటే గుడివాడలో ఉండే మా మరిది భార్య, ఆన్‌లైన్‌లో తెప్పించింది. డబ్బా మీద ఇంగ్లీషు పేరేదో ఉంది గాని మా బందరు ఇంట్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మాకది పెట్టెల ఆట. పేకాటలో అందరికీ కలిపి ఒకటే కట్ట కదా, ఇందులో ఎవరి కట్ట వారిదే. మొదట అందరి దగ్గరా ఒకే రకం చిల్లర సరుకు ఉంటుంది: రాగి నాణెం బొమ్మ ఉన్న ముక్కలు కాసిని, చిన్న మడి ముక్కలు ఒకటి రెండు. వంతు వచ్చినప్పుడల్లా మన కట్టలోంచి ఐదు ముక్కలు తీస్తాం. వాటిలో ఉన్న నాణేలతో బల్ల మధ్య పేర్చిన బజారులోంచి ఇంకో ముక్క కొంటాం. వాడినవి, కొన్నది, అన్నీ పక్కన పడేస్తాం. కట్ట అయిపోగానే పడేసినవన్నీ కలిపి మళ్ళీ కట్ట పెట్టుకుంటాం. అంటే ఇప్పుడు కొన్న ముక్క కాసేపటికి మళ్ళీ మన చేతికే వస్తుంది. చెత్త కొన్నవాళ్ళ చేతికి చెత్త వస్తుంది. ఇంత న్యాయమైన ఆట నేను ఇంకోటి చూడలేదు.

గెలుపు మాత్రం భూమితో. మడి, చేను, పెద్ద మాగాణి అని మూడు రకాల భూమి ముక్కలున్నాయి. మాగాణి కొనాలంటే ఎనిమిది నాణేలు కావాలి. మాగాణి ముక్కలన్నీ అమ్ముడైపోతే ఆట ముగుస్తుంది, ఎవరి దగ్గర భూమి ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. అయితే ఆట నడుస్తుండగా ఆ భూమి ముక్క చేతికి వచ్చిందంటే దాంతో ఏమీ కొనలేం, ఊరికే చోటు తింటుంది. దివిసీమలో ఎకరాల మీద ఎకరాలుండి పెళ్ళికి వెళ్ళడానికి బస్సు ఛార్జీ కోసం అలమార తడుముకునేవాళ్ళని చూసినవాళ్ళకి నేనిది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక పెట్టె. రాగి ముక్క విలువ ఎప్పుడూ ఒకటి, వెండి రెండు, బంగారం మూడు. పెట్టె మీద మాత్రం అంకె ఉండదు. ఆ వంతులో మనం బల్ల మీద ఎన్ని డబ్బు ముక్కలు వేశామో, తనతో కలిపి లెక్కపెడితే ఎన్నయితే అంతే దాని విలువ. నాలుగు రాగి ముక్కలు వేసి ఆ తర్వాత పెట్టె వేస్తే పెట్టె ఐదు, మొత్తం తొమ్మిది. అదే పెట్టె ముందు వేసి తర్వాత రాగి వేస్తే పెట్టె ఒకటే, మొత్తం ఐదు. ముక్కలు అవే, చెయ్యీ అదే. వరస మారితే మాగాణి వచ్చేది కాస్తా పోయి చేను వస్తుంది.

మొదట్లో నేనూ మా తోటికోడలూ ఈ పెట్టెతో నానా పాట్లూ పడ్డాం. నేనైతే ఆశకొద్దీ పెట్టెలు నాలుగు కొన్నాను. ఒక వంతులో మూడు పెట్టెలు కలిసి వచ్చాయి, నాణెం ఒక్కటి లేదు, మిగతా రెండూ మడి ముక్కలు. ఒకటి, రెండు, మూడు, వెరసి ఆరు. అదే డబ్బుకి బంగారం కొనుక్కుని ఉంటే తొమ్మిది. మా తోటికోడలు ఆ రోజు నవ్విన నవ్వు వీధి చివరికి వినబడి ఉంటుంది.

"అక్కా, నువ్వు బీరువాలు కొన్నావు, లోపల పెట్టడానికి చీరల్లేవు," అంది.

ఆ అమ్మాయిది వేరే పద్ధతి. చెత్త తీసేసే ముక్క ఒకటుంటుంది ఆటలో, దాంతో రాగి నాణేలన్నీ ఒక్కొక్కటే వదిలించుకుని, కట్టని బక్కగా చేసుకుని, ఎప్పుడు తీసినా వెండీ బంగారమే వచ్చేట్టు చూసుకుంటుంది. ఇల్లూ అలాగే ఉంటుంది వాళ్ళది. గుడివాడ వెళ్తే కూర్చోడానికి కుర్చీ ఉంటుంది గాని చెయ్యి ఆనించడానికి ఒక పాత పత్రిక కూడా ఉండదు. నేనేదీ పారెయ్యను. రాగి పారెయ్యొద్దని నా వాదన. పెట్టెకి రాగీ ఒకటే, బంగారమూ ఒకటే. అది లెక్కపెట్టేది తలల్ని. రాగి ముక్కలు ఉంచుకుని, మేస్త్రి అని ఇంకో ముక్క ఉంది, అది వేస్తే కట్టలోంచి మరో రెండు ముక్కలు చేతికి తెస్తుంది, ఆ మేస్త్రుల్ని ఇద్దర్ని కొనుక్కుని, సగం ఆట అయ్యాక ఒక పెట్టె, వీలైతే రెండో పెట్టె, అంతే. అంతకు ముందు కొంటే దానికి తోడు ఉండదు. మరీ ఆలస్యమైతే కట్టలో భూమి నిండిపోయి నాణేలు కలిసి రావు. పెట్టె కొనడానికి కూడా కూర పోపుకి ఉన్నట్టు ఒక అదను ఉంటుంది.

"ఇంత చేటు కట్ట పెట్టుకుని పెట్టె ఎప్పుడు వస్తుందా అని కూర్చుంటావా?" అనేది తను.

"వచ్చినప్పుడు చూడు."

"వచ్చేసరికి నేను మాగాణి మూడు కొంటాను."

"కొనుక్కో. అవి నీ చేతికే వచ్చి కూర్చుంటాయి."

పక్క గదిలోంచి మా ఆయన, "సంతలో గేదెల బేరం లాగుంది. మెల్లిగా అమ్మా, పక్కింటివాళ్ళు పంచాయితీకి వచ్చేస్తారు," అనేవాడు.

మా తోటికోడలికీ నాకూ మధ్య అంతకు ముందు గొడవలే లేవు. అదే పెద్ద లోటని ఆట వచ్చాక తెలిసింది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నించి "తిన్నావా", "పిల్లలు బాగా చదువుతున్నారా", "ఆ చీర ఎక్కడ తీసుకున్నావు" తప్ప మా మధ్య మాటే లేదు. తను ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కల లెక్చరర్, నేను బందర్లో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. తను నన్ను వాగుడుకాయ అనుకునేది, నేను తనని పొగరనుకునేదాన్ని. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళిద్దరూ గుడివాడ నుంచి కారులో వచ్చేవాళ్ళు, భోజనాలయ్యాక అన్నదమ్ములు నిద్రకి పడేవాళ్ళు, మేమిద్దరం టీవీ ముందు కూర్చుని ఒకరి వంక ఒకరు చూడకుండా మధ్యాహ్నం గడిపేవాళ్ళం. ఆ టీవీ స్థానంలోకి ఈ డబ్బా వచ్చింది. ఇప్పుడు శనివారం సాయంత్రం నుంచే నేను ఆలోచన మొదలెడతాను, ఈసారి మేస్త్రులు ముందా, వెండి ముందా అని. మనసారా పోట్లాడుకోవడానికి ఈ వయసులో నాకొక మనిషి దొరికింది.

ఇది జరుగుతున్నన్నాళ్ళూ మా అత్తగారు ఊళ్ళో లేరు. చెల్లెలికి తుంటి ఆపరేషనైతే చూసుకోడానికి నాగాయలంక వెళ్ళారు. రిటైరైన హెడ్ నర్సు ఆవిడ, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా చుట్టాలు ముందు ఆవిడకే ఫోన్ చేస్తారు, తర్వాతే డాక్టరుకి. చెల్లెలు కర్ర లేకుండా నడిచిందాకా ఉండి, ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా అవనిగడ్డ బస్సెక్కి వచ్చేశారు. మేమిద్దరం పెడన అద్దకం దుప్పటి పరిచిన భోజనాల బల్ల మీద ముక్కలు పరుచుకుని, గొంతులు పెంచుకుని ఉన్నాం. గుమ్మంలో సంచీ పట్టుకుని ఆవిడ.

"ఏంటే అయి?"

"ఆటండీ అత్తయ్యా," అంది మా తోటికోడలు, రెండు చేతులూ ముక్కల మీద పెట్టేసి.

"ముక్కలు," అన్నాన్నేను. దాచడం నాకు రాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అత్తగారింట్లో పేకముక్క గడప దాటదు. వాళ్ళ నాన్నగారు దివిసీమలో చిన్న ఊళ్ళో చర్చి సంఘ పెద్ద. కొడుకు జేబులో ఒక పేకముక్క దొరికితే అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పడేశారట. ఎర్ర రాణి కాలిపోతుంటే చూసిన ఆడపిల్ల మా అత్తగారు. పాచికలూ నిషేధమే, సిలువ కింద సైనికులు ప్రభువు బట్టల కోసం చీట్లు వేసుకున్నారు కాబట్టి అదృష్టం మీద ఆడే ఆట ఏదైనా వాళ్ళతో కూర్చున్నట్టే అంటారు. వైకుంఠపాళి అయితే రెండు రకాలుగా నిషేధం, పాచికల వల్ల ఒకటి, పేరు వల్ల ఒకటి. క్యారమ్స్ ఒక్కటి ఒప్పుకుంటారు, అందులో గురి ఉంది కాబట్టి. నేను పుట్టింది పెదపారుపూడి దగ్గర, మేమూ చర్చికి వెళ్ళేవాళ్ళమే, కాని మా ఇంట్లో రమ్మీ ఆడేవాళ్ళు, ఆదివారం తప్ప. ఆ ముక్క నేనీ ఇంట్లో ఎప్పుడూ నోరు జారి అనలేదు. నా నోటికి అదొక రికార్డు.

ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. ఒక ముక్క తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి, మందు సీసా మీద తేదీ చూసినట్టు చూశారు. తర్వాత వాసన చూశారు.

"పౌడరెందుకు రాశారు?"

"బందరు గాలికి అంటుకుపోతున్నాయండీ," అంది మా తోటికోడలు. నిజమే, ఇక్కడి ఉప్పు చెమ్మకి ముక్కలు అప్పడాల్లా మెత్తబడతాయి.

"పందెం ఎంత?"

"పందెం లేదండీ."

"మరి కలపటం ఎందుకు? కలిపితే ఏం వచ్చిద్దో ఎవరికి తెలుసు? అదే జూదం."

నేను మొదలెట్టాను. కలపడం ఉంది, కాని ఆ కట్టలో ఏముండాలో మనమే ఒక్కొక్కటీ ఎంచుకుని కొంటాం, ఎప్పుడు కొనాలో మనమే తేల్చుకుంటాం, ఏది ముందు వెయ్యాలో ఏది వెనక వెయ్యాలో మన చేతిలోనే ఉంటుంది, అని. ఉదాహరణకి పెట్టె తీసి చూపించాను. రాగి ముక్కలతో ముందు వేసీ వెనక వేసీ రెండు రకాలుగా లెక్క చేసి చూపించాను. క్లాసులో ప్రాథమిక హక్కులు చెప్పేటప్పుడు కూడా నేనింత శ్రద్ధ తీసుకోను.

"చూశారా అత్తయ్యా? అవే ముక్కలు. ఇందులో అదృష్టం ఎక్కడుంది?"

"నువ్వు ఆపితే చెప్తా."

ఆపాను.

"నేను ఒక ఆట ఆడి చూస్తా. గెలిచేదీ ఓడేదీ చేతికొచ్చిన ముక్కని బట్టే అని నాకు తోస్తే చిన్నమ్మాయి ఈ డబ్బా గుడివాడ పట్టుకుపోవాల. మళ్ళీ ఈ ఇంట్లో తెరవకూడదు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకోక ఏం చేస్తాం? వాళ్ళు ఆదివారాలు వచ్చేది ఆవిడ ఇంటికి. డబ్బా గుడివాడ వెళ్ళిపోతే మేమిద్దరం మళ్ళీ టీవీ ముందుకే. మా తోటికోడలు నా వంక చూసింది. ఆ చూపులో నాకేం కనబడిందో నాకే నమ్మబుద్ధి కాలేదు. తనకీ ఆ టీవీ అక్కర్లేదు.

ఒక ఆట పక్కన కూర్చుని చూశారు మా అత్తగారు, సిస్టర్ల డ్యూటీ చూసినట్టు. రెండో ఆటకి కుర్చీ ముందుకి లాక్కున్నారు.

బాగానే ఆడారు, కొత్తవాళ్ళ లెక్కన చాలా బాగా ఆడారు. తొందర లేదు, ఆశ లేదు. చేతికి వచ్చినంతలో వెండి కొంటూ పోయారు. మేస్త్రిని చూసి, "ఈడు మనుషుల్ని తెస్తాడు గదా, ఒకడుంటే చాలు, ఇద్దరైతే వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటారు," అని ఒకడినే కొన్నారు. మధ్యలో ఏడు నాణేలు చేతికి వస్తే, బంగారం కొంటారేమో అనుకున్నాను, పెట్టె కొన్నారు. నా గుండె పొంగింది. నా ఉపన్యాసం వృథా పోలేదు.

తర్వాత ఆ పెట్టె ఆవిడ చేతికి వచ్చింది. రెండు రాగి, ఒక వెండి, ఒక మడి, పెట్టె. పెట్టె ఆఖర్న వేస్తే ఎనిమిది, మాగాణి వస్తుంది. ఆవిడ చేతిలోంచి ముందు పెట్టె తీసి బల్ల మీద పెట్టి, క్షణం కళ్ళు మూసుకుని, తర్వాత నాణేలు వేశారు. ఐదు. చేను తీసుకున్నారు.

నేను నోరు తెరిచాను. బల్ల కింద మా తోటికోడలు నా కాలు తొక్కింది. ఊరుకోమని దాని అర్థం. ఓడిపోనీ, ఆవిడకి ఇంకా అర్థం కాలేదు, అర్థమయ్యేట్టు చెప్పబోతే చిరాకు పడతారు అని. నా కాలు తొక్కితే నా నోరు మూతపడుతుందని ఆ అమ్మాయి ఎలా అనుకుందో!

"అత్తయ్యా, పెట్టె ఆఖర్న వెయ్యాలండీ. ఇందాక చెప్పానుగా."

"చెప్పావు. ఇన్నా."

"మరి? మాగాణి వచ్చేది."

"వచ్చిద్ది. కాని పెట్టె ముందు తియ్యాల."

"ఎందుకు?"

ఆవిడ నా వంక చూశారు, ఇంత చదివీ ఇది తెలియదా అన్నట్టు. "మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి కుండలో వేసేది, సంఘానికి. వండాక మిగిలింది తీసి పెట్టటం గాదు. ముందు తియ్యాల. ఇంట్లో పదిమందికి చాలని రోజున కూడా ముందు పిడికెడే. కోతల పండక్కి తీసుకెళ్ళేది ముందు కోసిన కంకి, ముందు కాసిన ఆనపకాయ. మిగిలినయన్నీ మనం తినేసి అడుగున ఉన్నది దేవుడికిస్తామా?"

"ఇది ఆట గదండీ! ఇందులో దేవుడి భాగమేంటి? ఆ పెట్టె దేవుడిదని ఎవరు చెప్పారు?"

"పెట్టెని చూస్తే నీకేం గుర్తొచ్చింది?"

"బీరువా," అన్నాను, నిజమే చెప్పాను.

"నాకు కానుక పెట్టె గుర్తొచ్చింది. ఆటలో ముందు తీసే అలవాటు పోతే ఇంట్లో కూడా పోయిద్ది. చెయ్యి ఒకటేగా."

"పోదండీ."

"నీకెట్టా తెలుసు?"

నిజంగా తెలియదు. కాని తెలియదని ఒప్పుకోవడం నా వృత్తిలో లేదు. అసలు ఇచ్చేవాడు ఎక్కువ ఇవ్వాలంటే ఎక్కువ సంపాదించాలి కదా, ఆఖర్న వేస్తే ఆ పెట్టె నాలుగుకి పెరుగుతుంది, దేవుడికి ఒకటిచ్చే బదులు నాలుగివ్వొచ్చు అని ఇంకో దారిలో వచ్చాను. మా తోటికోడలు ఈసారి కాలు తొక్కలేదు, ఆసక్తిగా ముందుకి వంగింది. లెక్క కదా.

"పెరిగాక ఇస్తానని చెప్పినోళ్ళు ఎవరన్నా ఇవ్వటం చూశావా?" అన్నారు అత్తగారు. "నీ వంతు. ఆడు."

నేను ఆడాను. కోపంలో ఆడితే ఎలా ఆడతారో అలాగే ఆడాను. మాగాణి ఆశకి పోయి కట్ట నిండా భూమి నింపుకుని, చేతికి మూడేసి మడి ముక్కలు వస్తుంటే వాటిని చూస్తూ కూర్చున్నాను. మా అత్తగారు మాత్రం పెట్టె వచ్చినప్పుడల్లా ముందు పెట్టె, కళ్ళు మూత, తర్వాత నాణేలు. అయినా వెండి బలంతో నెట్టుకొచ్చారు. పెట్టె రాని వంతుల్లో మాగాణులు రెండు తీసుకున్నారు. మా తోటికోడలూ ఆవిడా దాదాపు సమానంగా ఉన్నారు.

బజారులో ఒకే ఒక్క మాగాణి మిగిలింది. అది తీసుకున్నవాళ్ళదే ఆట. వంతు మా అత్తగారిది. ఐదు ముక్కలు తీసి విసనకర్రలా పట్టుకోవడం ఆవిడకి రాదు, చపాతీల్లా ఒక్కొక్కటీ బల్ల మీద పరిచారు. ముగ్గురం చూశాం. మూడు రాగి, ఒక వెండి, పెట్టె.

ఆఖర్న వేస్తే పది. ముందు వేస్తే ఆరు. మాగాణి ఎనిమిది. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆవిడకి తెలుసు. పెదాలు కదిపి లెక్క వేసుకోవడం చూశాను. చిత్రంగా నేను ఆ పెట్టె ఆఖర్న పడాలని కోరుకున్నాను, ఓడినా సరే. ఆవిడ గెలిస్తే, తెలివితో గెలిచానని ఒప్పుకుని డబ్బా ఉండనిస్తారు కదా. ముందు వేసి ఓడిపోతే విసుగొచ్చి, "ఇదీ ఒక ఆటేనా," అని పొమ్మంటారు. అప్పటికి నిద్ర లేచి వచ్చిన మా ఆయనా మరిదీ కూడా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.

"అమ్మా, చివర్న వెయ్యి," అన్నాడు మా మరిది.

"నువ్వెళ్ళి మొహం కడుక్కో," అన్నారు ఆవిడ.

ముందు పెట్టె పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. ఈసారి కొంచెం ఎక్కువసేపే. తర్వాత వెండి, తర్వాత మూడు రాగి. ఆరు. చేను ఒకటి తీసి పక్కన పెట్టుకున్నారు.

మా తోటికోడలు చేతికి రెండు బంగారం, ఒక వెండి వచ్చాయి. మాగాణి తీసుకుంది, సంతోషం లేకుండా. ఆట అయిపోయింది. లెక్క చూస్తే ఆవిడ ఆ ఒక్క మాగాణికే ఓడిపోయారు. నా లెక్క ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా తోటికోడలు బిక్కమొహంతో ముక్కలు రకాల వారీగా సర్దడం మొదలెట్టింది, గుడివాడ పట్టుకుపోడానికే అన్నట్టు. నేనేమో వాదన సిద్ధం చేసుకుంటున్నాను. ఒక్క ఆటతో తేల్చెయ్యడం న్యాయం కాదు, అప్పీలుకి అవకాశం ఉండాలి, ఇలా.

"ఎందుకమ్మా సర్దుతున్నావు?" అన్నారు అత్తగారు.

"తీసుకెళ్ళమన్నారుగా అత్తయ్యా."

"అదృష్టమైతే తీసుకెళ్ళమన్నా. మా ఊళ్ళో పేకాడేవాళ్ళని చూశా నేను. ఓడినోడు ఎప్పుడూ ముక్క పడలేదనే అంటాడు. తనదేం లేదన్నట్టు. నాకు ముక్క పడింది. ఎక్కడ పెట్టాలో కూడా తెలుసు. పెట్టలేదు. నేను ఓడింది నా చేత్తో." ఆవిడ లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు. "అదృష్టం కాదిది. ఉండనియ్యి."

సిద్ధం చేసుకున్న వాదన అక్కర్లేకుండా పోయింది. గెలిచిన వాదనకి కూడా నేను ఇంకో ముక్క జోడించకుండా ఉండలేను కదా.

"అంటే అత్తయ్యా, తెలిసీ ఓడిపోయారా? ఆఖర్న వేసి ఉంటే గెలిచేవాళ్ళు."

"గెలవటానికి కూర్చోలా. చూట్టానికి కూర్చున్నా."

"చూసి?"

"చూసి ఉండనియ్యమన్నాగా! నీకు ఒప్పుకుంటే కూడా సరిపోదేంటే?" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. వెనకాలే మా ఆయన నవ్వు.

ఆ రోజు వాళ్ళు వెళ్తుంటే కారెక్కబోతూ మా తోటికోడలు వెనక్కి వచ్చి, "అక్కా, వచ్చే వారం మేస్త్రుల్ని నేను ముందు కొంటాను, చూసుకో," అని బెదిరించి వెళ్ళింది.

ఇప్పుడు ఆదివారాలు ముగ్గురం ఆడుతున్నాం. మా అత్తగారు ముక్కలు కలిపే తీరు మాత్రం చూడాలి. పేక పట్టని చేతులు కదా, బల్ల మీద పరిచేసి రెండు అరచేతులతో ధాన్యం ఆరబోసినట్టు తిప్పుతారు. పద్ధతి కూడా మెల్లిగా మార్చుకున్నారు. ఇప్పుడు రెండు పెట్టెలు కొంటున్నారు. ఒకటి ముందు వేస్తారు, కళ్ళు మూసుకుంటారు, తర్వాత నాణేలు, రెండో పెట్టె చేతికి వస్తే అది చిట్టచివర. మొదటి పెట్టె విలువ ఒకటే, రాగి నాణెం పాటిదే, కాని ఆఖరి పెట్టె దాన్ని కూడా లెక్కలో కలుపుకుంటుంది. రెండూ కలిసి వచ్చిన వంతున ఆవిడని పట్టలేం. మా తోటికోడలు కాగితం మీద లెక్క వేసి, ఈ పద్ధతిలో నష్టం మనం అనుకున్నంత లేదక్కా అని తేల్చింది. లెక్కల మనిషి, నిజాన్ని దాచదు.

నేను మాత్రం ఊరుకోలేదు. ఏడు నాణేలు పోసి కొన్న పెట్టెని రాగి ముక్క కింద వాడతారా, అంత ఖరీదు పెట్టడం ఎందుకు, ముందొక రాగి వేసి కళ్ళు మూసుకుంటే చాలదా అని అడిగాను.

"ఇచ్చేది ఖరీదైందే ఇవ్వాల," అన్నారు.

"మరి రెండోది? అది మీరు ఉంచుకునేదేగా? ఆ ఇచ్చింది కూడా కలిపి లెక్కపెట్టుకుంటున్నారుగా!"

ఆవిడ కాసేపు ఆలోచించారు. ఇన్నేళ్ళ కాపురంలో నేనడిగిన ఒక ప్రశ్నకి ఆవిడ ఆగి ఆలోచించడం అదే మొదటిసారి. మా తోటికోడలు ముక్కలు కిందకి దించి ఇద్దరి వంకా చూస్తోంది.

"అది పాస్టరు గారిని అడగాల," అన్నారు చివరికి. "అడిగి వచ్చే వారం చెప్తా. ఈలోగా ఆడు, చిన్నమ్మాయి వాళ్ళు చీకటి పడకముందే పామర్రు దాటాల."

పాస్టరు గారిని ఇంకా అడగలేదు ఆవిడ. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఆయన చుట్టూ మూగుతారు, కుదరదంటారు. నేను గుర్తు చేస్తూనే ఉన్నాను. మా తోటికోడలైతే అడక్కుండా ఉంటేనే మంచిదంటోంది, ఆయన కాదంటే మనకి మూడో మనిషి పోతుంది అని. అందులో నిజముంది. పోయిన వారం చర్చి బయట ఆయన ఎదురుపడితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని గబగబా గేటు వైపు నడిపించారు. నేను ఒక్క మాటా అనకుండా నడిచాను.